తిరిగి రాని చప్పుడు

కంప్యూటర్లో గాలిని లెక్కగట్టాలంటే ముందు దానికో గది కట్టాలి. బయట గాలికి గోడల్లేవు. విమానం ఇంజన్లోంచి బయల్దేరిన చప్పుడు పొలాల మీదుగా, ఊళ్ల మీదుగా పోయి పోయి ఎక్కడో సన్నగిల్లి కలిసిపోతుంది. కంప్యూటర్ మెమరీకి మాత్రం ఒక అంతు ఉంది. ఇన్ని లక్షల గడులు, ఇంత జాగా, అంతే. కనక గాలిని ఎక్కడో ఒకచోట కోసెయ్యక తప్పదు. కోసిన అంచు దగ్గరికి వచ్చిన చప్పుడు, అక్కడ అంచనేదే లేనట్టు దాటిపోవాలి. వెనక్కి రాకూడదు. వినడానికి చిన్న కోరికే. నా ఉద్యోగంలో ఆరేళ్లు ఈ కోరికే తినేసింది.

ఇది చదివేవాళ్లలో చాలామంది గోల్కొండ కోట ఎక్కే ఉంటారు. ఫతే దర్వాజా గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దగ్గర వినపడుతుందని గైడు కొట్టి మరీ చూపిస్తాడు. అక్కడ గోడ చప్పుడును తిప్పి పంపడం వరం. నాకు అదే శాపం. నా గది గోడ ఇసుమంత తిప్పి పంపినా చాలు, ఆ ప్రతిధ్వని గది మధ్యకొచ్చి అసలు చప్పుడుతో కలిసిపోతుంది. ఏది ఇంజన్ మాటో ఏది గోడ మాటో ఇక విడదీయలేను.

చప్పుడు ఎంత అల్పమైనదో చెబితే ఈ భయం అర్థమవుతుంది. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 1,01,325 పాస్కళ్లు. చెవులు నొప్పెట్టే 120 డెసిబెళ్ల మోత ఆ ఒత్తిడిని అటూ ఇటూ కదిపేది 20 పాస్కళ్ల మేర, అంటే ఐదువేలలో ఒక వంతు. మామూలుగా మాట్లాడుకునే 60 డెసిబెళ్లకు అది 0.02 పాస్కల్. సంతలో గుసగుస లాంటిది ఇది. గాలి ప్రవాహాన్ని లెక్కగట్టేవాళ్లు నిశ్చింతగా వదిలేసే పొరపాటు, చప్పుడును లెక్కగట్టేవాడి చేతిలో ఉన్న మొత్తం సొమ్ముకన్నా పెద్దది.

ఈ పనిలోకి ఎందుకొచ్చానంటే నాకు గుర్తొచ్చేది బేగంపేట. 2008 మార్చిలో విమానాలు శంషాబాద్‌కు మారకముందు, ఆ దగ్గర్లో ఒక మేడమీది గదిలో నేనూ ఇద్దరు స్నేహితులూ అద్దెకుండేవాళ్లం. విమానం నెత్తిమీదుగా దిగుతుంటే మాట ఆపేసేవాళ్లం. కిటికీ అద్దం జలదరింపు ఆగాక, ఆగిన మాట దగ్గర్నించే మళ్లీ అందుకునేవాళ్లం. సెలవుల్లో ఇంటికెళ్లినా మాటల మధ్య ఆ ఆగడం నన్ను వదల్లేదు. చిన్నప్పుడు నత్తి లేదే వీడికి అని అమ్మ కంగారుపడింది. అంత మోత గాలిలో ఎక్కడ పుడుతుందో తెలుసుకోవాలని అప్పుడు పుట్టిన పట్టుదలే.

దానికి 1952లోనే జేమ్స్ లైట్‌హిల్ దారి చూపించాడు. జెట్ నుంచి వచ్చే శబ్దశక్తి, జెట్ వేగానికి ఎనిమిదో ఘాతంగా పెరుగుతుందని తేల్చాడు. వేగం రెట్టింపైతే మోత 256 రెట్లు. ఎక్కువ గాలిని నెమ్మదిగా తోసే వెడల్పాటి ఇంజన్లు వచ్చాక విమానాలు కాస్త మెత్తబడడంలో ఈ లెక్కకు పెద్ద వాటా ఉంది. అయితే ఫలానా ఇంజన్ ఫలానా దిక్కున ఎంత మోగుతుందో చెప్పాలంటే, ఆ గాలిని గడులుగా కోసి, గడి గడికీ లెక్క నడపాలి. అక్కడ మళ్లీ గోడ దగ్గరికే వస్తాం.

గోడను దూరంగా జరపొచ్చు కదా అని మొదట అందరికీ తోస్తుంది. ప్రతిధ్వని తిరిగొచ్చేలోపు లెక్క ముగించెయ్యొచ్చు. కానీ గది పొడవూ వెడల్పూ ఎత్తూ రెట్టింపు చేస్తే గడులు ఎనిమిదింతలవుతాయి. ఏమీ జరగని ఖాళీ గాలికోసం అంత ఖర్చు ఎవరూ ఒప్పుకోరు. 1912లో ఆర్నాల్డ్ జోమర్‌ఫెల్డ్ ఒక షరతు రాశాడు: అనంతదూరంలో అలలన్నీ బయటికి పోయేవే అయ్యుండాలి, లోపలికి వచ్చేది ఒక్కటీ ఉండకూడదు. ఆయన అనంతదూరం గురించి రాశాడు. మన గోడ నాలుగడుగుల్లో ఉంది. 1977లో ఎంగ్‌క్విస్ట్, మజ్దా అనే ఇద్దరు ఆ షరతును గోడ దాకా తెచ్చారు. గోడకు సూటిగా ఎదురొచ్చిన అలను వాళ్ల షరతు చక్కగా సాగనంపుతుంది. ఏటవాలుగా వచ్చింది కొంత తిరిగొస్తుంది. గోడను ఒరుసుకుంటూ వచ్చింది చాలావరకు తిరిగొస్తుంది.

ఇంకో దారి మెత్తటి గోడ. శబ్దపరీక్షలకు ప్రతిధ్వని లేని గదులు కడతారు. గోడల నిండా స్పాంజి చీలలు లోపలికి పొడుచుకొచ్చి ఉంటాయి. వంద హెర్ట్జ్ చప్పుడు అలపొడవు 3.4 మీటర్లు. అందులో నాలుగో వంతు పొడవైనా చీల ఉండాలన్నది లెక్క, అంటే దాదాపు 85 సెంటీమీటర్లు. నేను అలాంటి గదిలో ఒకసారి పావుగంట నిలబడ్డాను. మాట నోటి ముందే రాలిపోయినట్టుంటుంది. కాసేపటికి నా నెత్తురు పారే చప్పుడు నాకే వినపడసాగింది.

ఆ చీలలు కొసన సన్నగా, మొదట్లో లావుగా ఎందుకుంటాయో తెలియాలంటే ఉప్పాడ రోడ్డు మీదికి వెళ్లాలి. కోతకు అడ్డంగా పేర్చిన బండరాళ్లకు కొట్టుకుని అల లేచి రోడ్డు మీద పడుతుంది. అదే సముద్రం అంతర్వేది ఇసకలో మెల్లగా పాకుతూ వచ్చి, చెప్పకుండా ఇంకిపోతుంది. రాయి ఒక్కసారిగా ఎదురవుతుంది, ఇసక కొంచెం కొంచెంగా. చప్పుడు విషయంలోనూ అంతే. మెత్తటిదైనా సరే, కొత్తది హఠాత్తుగా ఎదురైతే అల కొంత వెనక్కి తిరుగుతుంది. కంప్యూటర్లో స్పాంజి పొరను కూడా అందుకే చాలా మందంగా, చాలా మెల్లగా మొదలుపెట్టాలి. మందమంటే గడులు, గడులంటే ఖర్చు. ఇదీ తేలే బేరం కాదు.

1994లో ఫ్రాన్స్‌లో ఝాఁ-పియెర్ బెరాంజే ఒక చిత్రమైన పొర రాశాడు. ఆయనది చప్పుడు కాదు, విద్యుదయస్కాంత అలల లెక్క. ఆయన పొర అలను మింగుతుంది. అయితే అల ఆ పొర మొదలయ్యే చోటును కనిపెట్టలేదు. ఏ కోణంలో వచ్చినా, ఏ పౌనఃపున్యంతో వచ్చినా సరే, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగేది సున్నా. కాగితం మీద అక్షరాలా సున్నా. గడులుగా కోసినప్పుడు మాత్రం ఓ చిన్న మచ్చ మిగులుతుంది, అందుకే మింగే బలాన్ని గుమ్మం దగ్గర సున్నా నుంచి మొదలుపెట్టి లోపలికి పోయేకొద్దీ పెంచుతారు. పది ఇరవై గడుల మందం చాలు. దీన్ని మనం తెలుగులో సరిపోలిన పొర అనుకుందాం.

దీని వెనకున్న ఉపాయం మొదటిసారి అర్థమైన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఇంటర్మీడియట్‌లో సంకీర్ణ సంఖ్యలు బట్టీపట్టినవాళ్లకు ఇది అందుతుంది. అల అంటే దూరాన్ని బట్టి ఊగే ఒక సంఖ్య. పొర లోపల దూరం అన్నదానికే కొంచెం కల్పిత భాగం కలిపితే, ఊగడం కాస్తా తరిగిపోవడంగా మారుతుంది. గాలిని మార్చలేదు, ధ్వని వేగాన్ని మార్చలేదు. అడుగులు కొలిచే బద్దను మాత్రం వంచారు. తను నడిచే నేల మారలేదు కనక అలకు వెనుదిరిగే కారణం దొరకదు. నడుస్తూ నడుస్తూనే కరిగిపోతుంది.

మరి గాలి కదులుతుంటే? విమానం చుట్టూ గాలి నిలిచి ఉండదు కదా. 1996లో వర్జీనియా రాష్ట్రం నార్ఫోక్‌లోని ఓల్డ్ డొమినియన్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఫాంగ్ హూ ఈ పొరను పారే గాలికి తెచ్చాడు. నేను పనిలో చేరాక మొదట రాసిన ప్రోగ్రాం ఆ వ్యాసం చూసి రాసిందే.

అందరూ మొదట చేసే పరీక్ష ఒకటుంది. 1994లో నార్ఫోక్‌కు దగ్గర్లోనే, హాంప్టన్‌లో జరిగిన సదస్సులో దాన్ని అందరి ముందూ పెట్టారు. నాకు చాలా ఇష్టమైన లెక్క. చదరపు గది. గాలి ఎడమ నుంచి కుడికి ధ్వని వేగంలో సగంతో, అంటే మాక్ 0.5తో పారుతుంది. గది నడిమధ్య ఒక చప్పుడు బొట్టు వేస్తారు. కుడివైపు 67 దూరంలో ఒక సుడినీ వేడి మచ్చనూ వేస్తారు. కుడి అంచు 100 దూరంలో ఉంటుంది. చప్పుడు ప్రవాహం వెంట 1.5 వేగంతో పోతుంది, తన సొంత వేగం ఒకటి, గాలి మోసే వేగం సగం. సుడికీ వేడి మచ్చకూ సొంత నడక లేదు. గాలి ఎటు మోస్తే అటు, 0.5 వేగంతో. ఇప్పుడు లెక్కేసి చూడండి: వంద దూరాన్ని 1.5తో, మిగిలిన 33ని 0.5తో భాగిస్తే రెండూ దాదాపు ఒకే క్షణాన అంచును తాకుతాయి. పారే గాలిలో అంచు దగ్గరికొచ్చే మూడు రకాల బాటసారులూ ఒకేసారి గుమ్మం దాటాలి. గోడ ఏ ఒక్కదాన్ని సరిగ్గా సాగనంపకపోయినా బయటపడిపోతుంది. సుడి అయితే మరీ ప్రమాదం. అది తను చప్పుడు చెయ్యదు, కానీ తప్పుడు గోడకు తగిలిందంటే అక్కడ లేని చప్పుడు పుట్టి ఎగువకు ప్రయాణం కడుతుంది.

నా పొర ఆ పరీక్షలో చక్కగా నెగ్గింది. మూడూ వెళ్లిపోయాయి, గది ఖాళీ అయింది. సంతోషంగా ఇంటికెళ్లాను, ప్రోగ్రాంను ఆపకుండా. పొద్దున్నే వచ్చి చూస్తే తెర నిండా ఎన్‌ఏఎన్ అనే అక్షరాలే ఉన్నాయి, సంఖ్యలు సంఖ్యలు కాకుండా పోయాయని కంప్యూటర్ చెప్పే మాట. ఖాళీ గదిలో ఏం జరిగింది? మళ్లీ మొదట్నుంచి నడిపి, కొన్ని వేల కాలపు అడుగులకొకసారి బొమ్మ తీయించాను. గది ఖాళీ అయిన చాలాసేపటికి కుడివైపు పొరలో, వెంట్రుక మందాన ఒక చార కనిపించింది. తర్వాతి బొమ్మలో దారమంత అయింది. ఆ తర్వాత తాడు. మింగడానికి పెట్టిన పొర, తనలో మిగిలిన ఎంగిలిని పెంచి పోషిస్తోంది.

మూడు వారాలు నా ప్రోగ్రాంలో తప్పు వెతికాను. గుర్తులు చూశాను, బ్రాకెట్లు చూశాను, ఒక కామా దగ్గర రెండు రోజులున్నాను. తప్పు లేదు. తర్వాత తెలిసింది, 1998లో క్రిస్టఫర్ టామ్, ఇంకో ఇద్దరు కలిసి పారే గాలిలో ఈ పొర సమీకరణాల్లోనే ఆ పెరుగుదల దాగుందని చూపించారని. కృత్రిమమైన అణచివేత కాస్త కలిపి దాన్ని అదుపులో పెట్టొచ్చన్నారు. అదుపు సరే, కారణం ఏమిటి? నాకు కారణం దొరకనిదే ఊపిరాడలేదు.

కారణం నాకు కాగితాల్లో కనిపించలేదు. ముందు గోదావరి గుర్తొచ్చింది.

మా అమ్మమ్మగారిది ముక్తేశ్వరం వైపు. కోటిపల్లి రేవులో గౌతమి దాటాలి. పంటు మీద ఎన్నోసార్లు దాటాం కానీ, నాకు కళ్లకు కట్టినట్టుండేది ఒక్క ప్రయాణమే. వరద తీస్తున్న రోజులు, ఇంకా ఎర్రనీళ్లు. తాతయ్యకు ఏదో తొందరుండి నాటు పడవ మాట్లాడాడు. ఒడ్డు వదలగానే పడవతను ముక్కును ఎగువకు తిప్పాడు. మేం పోవాల్సిన రేవు ఎదురుగా కనపడుతూనే ఉంది, పడవ మాత్రం దాని పైనెక్కడో ఉన్న కొబ్బరిచెట్ల వైపు చూస్తోంది. తెడ్డు పడినప్పుడల్లా నీళ్లు ముక్కుకు కొట్టుకుని రెండుగా చీలుతున్నాయి. చూసేవాడికి పడవ ఎగువకు ఎదురీదుతున్నట్టే ఉంటుంది. నేను చెక్క అంచు పట్టుకుని గట్టు వైపు చూశాను. గట్టు మీది తాటిచెట్టు మెల్లగా ఎగువకు జరిగిపోతోంది. అంటే మేం దిగువకు పోతున్నాం. మొహం ఎగువకు, పోయేది దిగువకు.

"రేవు దాటిపోతన్నట్టుందేరా" అన్నాడు తాతయ్య.

"ఆయ్, ఏరు లాగేత్తందండి మేస్టారూ. మొహం ఇలా పెట్టాపోతే ఇంకా కిందకి పోతామండి" అన్నాడు అతను, తెడ్డు ఆపకుండా.

రేవుకు ఫర్లాంగు దిగువన, బురదలో దిగాం. తాతయ్య చెప్పులు చేత్తో పట్టుకున్నాడు.

పారే గాలిలో చప్పుడు సరిగ్గా ఆ పడవే. అలకు ఒక మొహం ఉంటుంది, దాని శిఖరాలు ఎటు తిరిగి ఉన్నాయో అది. దాన్ని దశా వేగం అంటారు. ఒక నడక ఉంటుంది, దాని శక్తి నిజంగా ఎటు పోతోందో అది. దాన్ని సమూహ వేగం అంటారు. నిలిచిన గాలిలో మొహం ఎటో నడక అటే. పారే గాలిలో, మొహం ఎగువకు కాస్త వాలిన అలను కూడా ప్రవాహం దిగువకే ఈడ్చుకుపోతుంది. అల కుడి పొరలోకి అడుగుపెడుతుంది, మొహం మాత్రం ఎడమకుంటుంది. బెరాంజే పొర చూసేది మొహాన్నే. మొహం బయటికుంటే తగ్గిస్తుంది, లోపలికుంటే పెంచుతుంది. కుడివైపు పొరలో మొహం ఎడమకున్న అల దానికి లోపలికి వస్తున్నదానిలా కనపడుతుంది. వెళ్లిపోతున్నవాణ్ణి వస్తున్నాడనుకుని అన్నం పెట్టడమే ఇది. పెట్టిన ప్రతి ముద్దకూ ఆ చార లావైంది.

ఇలాంటి అలలు ఏ మూలో ఒకటీ అరా ఉంటాయనుకోకండి. మాక్ 0.5 దగ్గర, ప్రవాహానికి అడ్డంగా ఉన్న గీత నుంచి ఎగువకు 30 డిగ్రీల దాకా మొహం పెట్టినవన్నీ ఈ జాబితాలోవే. అటు 30, ఇటు 30. చుట్టూ ఉన్న 360 డిగ్రీల్లో ఆరో వంతు. ప్రతి ఆరు దిక్కులకూ ఒక దిక్కు అలల్ని నా పొర అపార్థం చేసుకుంది.

2001లో హూయే దీనికి మందు రాశాడు, అంతకన్నా అందమైన మందు నాకు తెలిసి లేదు. పొర జోలికి వెళ్లేముందు గడియారాలు సరిచేశాడు. మనకు ఒకే భారతీయ కాలమానం స్థిరపడేదాకా మద్రాసు టైము వేరు, కలకత్తా టైము వేరు, బొంబాయి టైము వేరు. చోటును బట్టి గడియారం. హూ కూడా అంతే చేశాడు. ప్రవాహం వెంట దిగువకు పోయేకొద్దీ, దూరానికి తగినట్టు, గడియారాన్ని ముందుకు జరిపాడు. మాక్ 0.5కైతే ఆ జరుపుడు దూరంలో మూడింట రెండొంతులు: 30 దూరం దిగువన ఉన్న గడియారం 20 ముందుంటుంది. ఇప్పుడు మొహం ఎగువకు పెట్టి దిగువకు పోయే అలను తీసుకోండి. దాని శిఖరం దిగువ ఊరిని ముందు, ఎగువ ఊరిని తర్వాత తాకుతుంది, అందుకే ఎగువకు పోతున్నట్టు కనిపించింది. జరిపిన గడియారాల్లో చూస్తే దిగువ ఊళ్లో టైము ఎక్కువ చూపిస్తుంది కనక, శిఖరం ఎగువ నుంచి దిగువకు వచ్చినట్టవుతుంది. మొహం నడకతో కలిసింది. నిజంగా ఎగువకు పోయే అలలున్నాయి, వాటి మొహం మాత్రం ఎగువకే ఉంటుంది. ఆ జరుపుడు అంత కచ్చితం. ఈ గడియారాలు కట్టాక పొర వేస్తే ఎవరినీ అపార్థం చేసుకోదు.

2003లో బెకాష్, ఫొకో, జోలీ అనే ఫ్రెంచి గణితజ్ఞులు ఈ సంగతిని ఇంకా వెడల్పుగా చూపించారు. గాలే కానక్కర్లేదు, దిక్కును బట్టి గుణం మారే ఘనపదార్థంలో అలలకూ ఇదే జబ్బు. మొహమూ నడకా ఎదురెదురుగా ఉండే అల ఒక్కటున్నా పొర నిలవదు. జెట్ లాంటి ప్రవాహంలో గాలి మధ్యలో వేగంగా, అంచుల్లో నెమ్మదిగా ఉంటుంది, అక్కడ ఒకే జరుపుడు అందరికీ అతకదు. దానికోసం 2005లో హూ మళ్లీ రాశాడు. ఇవాళ్టికీ జెట్ దిగువ అంచులో ఎంతోమంది పాత స్పాంజినే నమ్ముకుంటారు. నేనూ కొన్నిచోట్ల అదే చేస్తాను, చేసిన ప్రతిసారీ గుండె పీకుతూనే ఉంటుంది.

గడియారాలు మార్చడానికి నా ప్రోగ్రాంలో పట్టింది కొద్ది వరుసలు. మూడు వారాలు తిరిగిన దారికి అంత చిన్న మలుపు. సాయంత్రం నడిపించి ఈసారి ఇంటికి వెళ్లలేదు. బొట్టు వేసిన చోట వలయం పుట్టి పెద్దదయింది, ప్రవాహం దాన్ని కుడికి నెట్టుకుపోయింది. కాలం 66 దాటి 67 కాకముందు వలయమూ సుడీ వేడి మచ్చా కలిసి కుడి అంచును తాకాయి, తాకిన చోట ఏమీ కదల్లేదు. ఎడమ వలయం ప్రవాహానికి ఎదురీదుతూ ఆలస్యంగా, 200 దగ్గర, అటు అంచులోకి చేరింది. గది ఖాళీ అయింది. పాత చార మొలిచిన చోటు నాకు గడితో సహా గుర్తుంది. అక్కడే బొమ్మను పెద్దది చేసి, రంగుల కొలతను వెయ్యో వంతుకు దించాను. ఆ కొలతలో చీమ పాకినా తెర ఎర్రబడాలి. అడుగుల లెక్క పాత చార కనిపించిన అంకెను దాటింది. దానికి రెట్టింపైంది. కాపలా అతను వచ్చి లైట్లు తీసెయ్యనా సార్ అని అడిగాడు, తీసెయ్యమన్నాను. తెర మీద ఒకటే నీలం. దాన్ని చూస్తూ తెల్లవారేదాకా కూర్చున్నాను.